మోరా ఈతలో బొచ్చుపిల్ల

సందు మొదట్లో ఆటో ఆగిన చప్పుడు వినగానే పెత్రోనా చేతిలో చెంబు కింద పెట్టేసి, తల్లి పొట్టకింద నిద్రపోతున్న నాలుగు కుక్కపిల్లల్లో నల్లబొచ్చుదాన్ని మాత్రం మెడ పట్టి పైకి తీసింది. ఎక్కడ దాచాలో నిన్నటినుంచీ ఆలోచిస్తూనే ఉంది గానీ తోచలేదు. ఇప్పుడు కాళ్ళు వాటంతటవే వెనకింట్లోకి నడిచాయి. అక్కడ నేలమీద మొక్కజొన్న గింజలు మొలకకు పరిచి ఉన్నాయి. పైన అరటాకులు, ఆకుల మీద తడి గోనెలు. మొలకెత్తే గింజ తన వేడి తనే పుట్టిస్తుంది, చెయ్యి పెడితే జ్వరమొచ్చిన బిడ్డ నుదురులా కాలుతుంది. పెత్రోనా ఒక మూల ఆకు ఎత్తి, పిల్లను ఆ వెచ్చదనంలో పడుకోబెట్టి, ఆకు కప్పేసి, చేతులు గౌనుకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

వచ్చినవాడు లియోన్సియో, పెద్దమనిషని అందరూ దొన్ అంటారు. లాంబయేకే పట్టణంలో ఆయన ఇంటికి ఇనప గేటు, ఆ గేటు వెనక సిపాన్ అనే మగకుక్క. వొంటిమీద వెంట్రుక లేని కుక్కలు ఆ సముద్రతీరంలో వీధివీధికీ ఉంటాయి. వీరింగో అన్న పేరు పండగలప్పుడు వాడతారు గానీ ఇళ్ళల్లో మాత్రం బోడికుక్కే. బోడికుక్కల్లో సిపాన్ లాంటిది లేదని లియోన్సియో అంటాడు, కాదన్నవాడితో మాట్లాడ్డం మానేస్తాడు. పెత్రోనా తన ఆడకుక్క మోరాని ఆ గేటు దాకా తీసుకెళ్ళడానికి రెండేళ్ళు బతిమాలాల్సి వచ్చింది. ఒప్పందం అందరికీ తెలిసినదే: ఈతలో మొదటి ఎంపిక మగకుక్క యజమానిది. ఆయన ఏ పిల్లమీద చెయ్యి వేస్తే ఆ పిల్ల ఆయనది, కాదనడానికి లేదు.

ఆయన టోపీ తీసి మోకాలిమీద పెట్టుకుని, పిల్లల్ని ఒక్కొక్కటే అరచేతిలో వెల్లకిలా తిప్పి చూశాడు. పలకరంగు పిల్లలు, తడిపిన రాయిలా నున్నగా ఉన్నాయి. చెవులు చూశాడు, వేళ్ళ సందులు చూశాడు. ముఖం ప్రసన్నంగానే ఉంది. మూడూ బాగున్నాయని ఆయన అనబోతుండగా మోరా లేచింది. తిన్నగా వెనకింట్లోకి వెళ్ళి అరటాకుల ముందు కూర్చుని కుయ్‌మంది. పెత్రోనా దాన్ని రెండుసార్లు పిలిచింది. అది వెనక్కి చూసి, మళ్ళీ ఆకులవైపు తిరిగి, ముట్టెతో గోనె పట్టి లాగింది. కన్నతల్లికి దొంగతనాలు నేర్పడం కష్టం.

లియోన్సియో లేచివచ్చి ఆకు ఎత్తాడు. మొలకల మధ్య నల్లటి ఉండ ఒకటి ఆవలించింది.

"ఈ మొలక ఏ గింజదమ్మా?" అన్నాడు ఆయన.

పెత్రోనా వంగి పిల్లని ఎత్తుకుంది. రెండు బోడికుక్కలకు బోడిపిల్లలే పుట్టాలన్నది ఈ తూకుమే ఊళ్ళో ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలిసిన సంగతి. బొచ్చుపిల్ల పుట్టిందంటే తల్లి గోడ దూకిందన్నమాటే. అలాంటిదాన్ని కళ్ళు తెరవకముందే కాలవలో వదిలేస్తారు. కళ్ళు తెరిచి ఇంటిని చూసేసిన పిల్లని వదిలితే ఆ ఇంటికి శాపమట, చూడనంతవరకూ పాపం లేదట. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో గానీ కుక్కపిల్లని అడిగి మాత్రం పెట్టలేదు. పెత్రోనా కూడా మోరా తల్లి ఈతలో ఒకదాన్ని అలాగే తీసుకెళ్ళింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ చెప్పరు.

లియోన్సియో గొంతు పెంచలేదు. తన సిపాన్‌ని నమ్మి ఇచ్చినందుకు మంచి మర్యాదే జరిగిందన్నాడు. గోడమీద గాజుపెంకులు పెట్టించుకోమని ముందే చెప్పానన్నాడు. పిల్లలు కళ్ళు తెరిచాక వచ్చి తన పిల్లని ఎంచుకుంటాననీ, అప్పటికి ఈ బొచ్చుది ఇంట్లో కనిపిస్తే మిగతావాటిమీద చెయ్యి కూడా వెయ్యననీ, మోరా ఎలాంటిదో లాంబయేకే అంతా చెబుతాననీ అన్నాడు. అంటే ఇక ఏ గేటూ మోరాకి తెరుచుకోదు, ఆ మూడు పిల్లల్నీ ఎవరూ ఊరికే ఇచ్చినా తీసుకోరు. "కాలవ దగ్గర్లోనే ఉంది కదా," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన మీద చూపించలేని కోపం పెత్రోనా పక్కింటి మెల్చోర్ మీద చూపించింది. మెల్చోర్ ఆమె కూతురి బాప్తిస్మానికి తండ్రివరసలో నిలబడ్డవాడు, వదినా మరిదీ అని పిలుచుకుంటారు. మట్టి ఇటుకలు చేస్తాడు. ముప్పై ఏళ్ళు బురద తొక్కీ తొక్కీ మోకాళ్ళు పట్టేశాయి. అక్కడ చలికాలమైన జూన్‌లో మంచు మొదలైతే రోజూ సాయంత్రం వచ్చి, పెత్రోనా అమ్మే చిచా, అదే మొక్కజొన్న కల్లు, ఒక సొరబుర్ర నిండా పోయించుకుని, మోరాని మోకాళ్ళ మీద పడుకోబెట్టుకుని కూర్చుంటాడు. బొచ్చు అడ్డం లేని వొళ్ళు కదా, వేడి తిన్నగా ఎముకకి చేరుతుంది. వేడినీళ్ళ సంచీ అయినా చల్లారిపోతుంది గానీ మోరా చల్లారదని అతని మాట. అతనికీ ఒక కుక్క ఉంది, త్రోంపో. కత్తిరించని గొర్రెలా జూలు జూలుగా, నల్లగా ఉంటుంది.

ఆ నలుపు చాలు పెత్రోనాకి. గోడ ఇవతలనుంచే అడిగేసింది.

"మీ త్రోంపో మా గోడ దూకిందా లేదా, మరిదీ? నిజం చెప్పు."

మెల్చోర్ బురద చేతులతో అలాగే నిలబడ్డాడు. త్రోంపో వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు.

"దూకే ఉంటుంది వదినా," అన్నాడు చివరికి. "వయసులో ఉంది కదా."

ఆ మాటలో సిగ్గుతోపాటు కాస్త గర్వం కూడా వినిపించడంతో పెత్రోనాకి ఒళ్ళు మండిపోయింది. ఆ కుక్కని కట్టేసుకోమంది, ఆ కుక్క పరువు తక్కువ పనివల్ల తన కుక్క పరువు పోయిందంది. ఇక సాయంత్రాలు మోకాళ్ళు కాచుకోవడానికి త్రోంపోనే ఒళ్ళో పెట్టుకోమంది. మెల్చోర్ తలొంచుకుని అన్నీ విన్నాడు. తర్వాత గోడ అవతల తాడు కట్టిన చప్పుడు, త్రోంపో మూలుగు వినపడ్డాయి.

మర్నాడు పెత్రోనా బొచ్చుపిల్లని బుట్టలో పెట్టి, పైన గుడ్డ కప్పి కాలవకి బయలుదేరింది. కాలవ గట్టుమీద ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు. వాళ్ళముందు ఎలా అనుకుని వెనక్కి వచ్చేసింది. ఆ మర్నాడు గట్టుమీద ఎవరూ లేరు. పెత్రోనా బుట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. గుడ్డకింద పిల్ల నిద్రలో పాలు తాగుతున్నట్టు పెదాలు ఆడిస్తోంది. నీళ్ళు చల్లగా ఉన్నాయని పెత్రోనాకి చూడకుండానే తెలుసు. కాసేపటికి గింజలు ఎండబెట్టే వేళ దాటిపోతోందని గుర్తొచ్చి లేచింది. ఆ తర్వాత రోజు చిచా కాచాలి. ఎండిన మొలకలు తిరగట్లో పిండి పట్టి, పెద్ద కాగులో నీళ్ళు పోసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కర్రతో అడుగంటకుండా తిప్పుతూనే ఉండాలి. పొయ్యి వదిలి కాలవకి ఎవరు వెళ్తారు? చెయ్యకూడని పనికి తీరిక దొరకదు, అదొక అదృష్టం.

కర్ర తిప్పుతున్నంతసేపూ బొచ్చుపిల్ల ఆమె పాదం మీదే పడుకుంది. తోడపుట్టిన మూడూ చలికి ఒకదానికింద ఒకటి దూరి వణుకుతుంటే ఇదొక్కటే హాయిగా, తన దుప్పటి తను తెచ్చుకున్న చుట్టంలా వెల్లకిలా పడుకుంది. కాసేపటికి ఆ మూడూ పాక్కుంటూ వచ్చి దాని బొచ్చులో దూరాయి. దాన్ని వదలడం తనవల్ల కాదని ఆ పూటే పెత్రోనాకి తెలిసిపోయింది. తెలిసినంతమాత్రాన ఏం చెయ్యాలో తెలియలేదు. చిచాని గుడ్డలో వడకట్టి కుండలకెత్తింది, అది పులిశాక, అమ్మకానికి ఉందని గుర్తుగా ఇంటిముందు తెల్లజెండా కట్టింది. జెండా చూసి తాగేవాళ్ళు వచ్చారు. మెల్చోర్ రాలేదు. అతను కూర్చునే బల్లకి ఎవరూ రాకపోయినా మోరా వెళ్ళి అక్కడే పడుకుంది.

ఆ వారంలోనే కుక్కలకి పిచ్చివ్యాధి రాకుండా సూదులు వేసేవాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. బడి ముందర వరస కట్టారు జనం. తాళ్ళు కట్టిన కుక్కలు, గోనెలో ముడిచి తెచ్చిన కుక్కలు, యజమానుల్నే ఈడ్చుకొచ్చిన కుక్కలు. సూదులు వేసేది లిస్బెత్ అనే చిన్న వయసు డాక్టరమ్మ. పెత్రోనా మోరాని చంకనెత్తుకుని నిలబడింది. ఆమెకి ముందు, కావాలనే వీపు తిప్పి, మెల్చోర్ త్రోంపోతో నిలబడ్డాడు.

డాక్టరమ్మ త్రోంపోని చూసి నవ్వింది.

"వీడు నాకు బాగా తెలుసు. పోయినేడు ఆపరేషన్ చేసింది నేనేగా. కుట్లు బాగా మానాయా, పెదనాన్నా?"

మెల్చోర్ దగ్గాడు. వరసలో వెనకనుంచి ఎవరో ఏం ఆపరేషనని అడిగారు. ఇంక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనని డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పేసి, త్రోంపో పిర్రలో సూది పొడిచింది. వరస వరసంతా ఘొల్లుమంది. ఎందుకంటే ఊళ్ళో నల్లకుక్క ఎక్కడ పుట్టినా అది త్రోంపో వంశమేనని మెల్చోర్ నిన్నమొన్నటిదాకా చిచా బల్లమీద చెప్పుకుంటూనే ఉన్నాడు.

పెత్రోనా నవ్వలేదు. త్రోంపో కాకపోతే మరెవరు? మోరా వీధిలోకి వెళ్ళిందే లేదు. తన వంతు వచ్చాక డాక్టరమ్మ చెవిలో సంగతి చెప్పింది. పని అయ్యాక వచ్చి చూస్తానంది లిస్బెత్.

ఆ మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి మెల్చోర్ కూడా గోడ పక్కన తచ్చాడుతున్నాడు. పెత్రోనా అతన్ని చూసి, చూడనట్టుండి, ఒక సొరబుర్ర నింపి బల్లమీద పెట్టింది. అతను వచ్చి కూర్చున్నాడు.

"అబద్ధం ఎందుకు చెప్పావు?" అంది.

"నేను చెప్పుకు తిరిగింది గుర్తులేదా వదినా? ఇప్పుడు కాదంటే నవ్వరూ," అన్నాడతను సొరబుర్రలోకి చూస్తూ. "అయినా నువ్వడిగిన తీరుకి, ఔనన్నా తిట్టేదానివి, కాదన్నా తిట్టేదానివి. కనీసం త్రోంపోకి పేరైనా మిగులుతుందనుకున్నా."

మోరా ఎవరి అనుమతీ అడక్కుండా వచ్చి అతని మోకాళ్ళమీద పడుకుంది.

డాక్టరమ్మ ముందు బొచ్చుపిల్లని కాదు, మోరాని చూసింది. పెదవి పైకెత్తి చూపించింది. ముందు పళ్ళు కొన్ని ఉన్నాయి, దవడ పక్కలంతా ఖాళీ. వయసువల్ల రాలాయని పెత్రోనా అనుకుంటోంది. రాలలేదు, అసలు మొలవనే లేదంది లిస్బెత్.

"వెంట్రుకలకీ పళ్ళకీ పని మొదలుపెట్టించే మేస్త్రీ ఒకడే అత్తా. పిల్ల కడుపులో తయారయ్యేటప్పుడు ఒక ప్రొటీన్ ఉంటుంది, ఇక్కడ వెంట్రుక లేపండి, ఇక్కడ పన్ను పెట్టండి అని చెప్పేది అదే. ఆ మేస్త్రీని ఎలా తయారు చెయ్యాలో ప్రతి కుక్కలోనూ రెండు పాఠాలుంటాయి. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి."

మేస్త్రీ మాట వచ్చేసరికి మెల్చోర్ ముందుకి వంగాడు.

వేల ఏళ్ళ కిందట ఏదో ఒక కుక్కలో ఆ పాఠం తప్పిందట. ఒక చిన్న ముక్క రెండుసార్లు పడిందట. ఊరేగింపులో పాడేవాళ్ళు ఒక మాటని రెండుసార్లు అనేస్తే ఏమవుతుందో చూడలేదా, అక్కణ్ణుంచి తాళం తప్పి పాట మధ్యలోనే ఆగిపోతుంది కదా అంది లిస్బెత్. ఆ తప్పు పాఠంతో తయారైన మేస్త్రీ కూడా సగంలోనే ఆగిపోతాడు, వాడివల్ల ఏ పనీ కాదు. రెండో పాఠం సరిగ్గా ఉంటే సగం మేస్త్రీలు ఉన్నట్టు లెక్క. పిల్ల బతకడానికి ఆ సగం సరిపోతుంది, బొచ్చుకీ పళ్ళకీ చాలదు. బోడికుక్కంటే అదే.

"రెండు పాఠాలూ తప్పయితే?" అని అడిగింది పెత్రోనా.

"ఆ పిల్ల పుట్టదత్తా. కడుపులోనే పోతుంది."

"రెండూ మంచివైతే?"

డాక్టరమ్మ జవాబుగా బొచ్చుపిల్లని ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టింది.

"దీని తండ్రి సిపానే," అంది. "మోరాలో ఒక మంచి పాఠం ఉంది, సిపాన్‌లో ఒకటి ఉంది. రెండూ దీనికే వచ్చాయి. మంచి పాఠం ఒక్కటైనా లేకపోతే అసలు ఏ బోడికుక్కా బతికుండేది కాదు. రెండు బోడికుక్కల్ని కలిపితే పుట్టిన పిల్లల్లో సుమారు మూడింట ఒకటి ఇలాగే ఉంటుంది. ఎవరూ గోడ దూకక్కర్లేదు."

ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో ఎన్ని ఈతలు అయ్యాయో మెల్చోర్ లెక్కవెయ్యబోయి మానేశాడు. మూడింట ఒకటి పుడుతుంటే ఇన్ని తరాలుగా ఎవరికీ తెలియకుండా ఎలా ఉందని అడిగాడు. పెత్రోనాకి మాత్రం తెలిసింది. ఎవరింట్లో పుట్టినదాన్ని వాళ్ళు గప్‌చిప్‌గా కాలవలో వదిలేసి, పక్కింట్లో పుడితే బుగ్గలు నొక్కుకున్నారు. తనూ అంతే చేసింది. మోరాకి ఒక అన్నో అక్కో ఉండేది, దాని తల్లి తప్పేమీ లేకుండానే అది కాలవలో పోయింది. ఆ మాట పైకి అనేసింది. అనగానే ఏడుపొచ్చింది, ఏడ్చింది. మెల్చోర్ తన సొరబుర్ర ఆమెకిచ్చాడు.

లిస్బెత్ వెళ్ళేటప్పుడు మర్నాడు లాంబయేకేలో సూదులు వెయ్యాలని చెప్పింది. అక్కడ ఇనప గేటు ఇంటికి వెళ్తే ఈ సంగతి మీరే చెప్పండి, నేను చెబితే నమ్మడు అంది పెత్రోనా.

పిల్లలు కళ్ళు తెరిచాయి. అందరికంటే ముందు బొచ్చుదే తెరిచింది. నీలంగా, మసకగా ఉన్న ఆ కళ్ళకి ఏం కనిపించిందో ఏమో, తల ఊపుకుంటూ వచ్చి పెత్రోనా మడమ నాకింది. అప్పటికే పెత్రోనా దానికి చోటు నిర్ణయించేసింది. పగలు పొయ్యి పక్కన, మంచు పడే వేళ తన పక్కలో. మెల్చోర్‌కి మోకాళ్ళు ఎలాగో తనకి పాదాలు అలాగ, చలి అక్కడే మొదలవుతుంది. లియోన్సియో రానీ, లాంబయేకే అంతా దండోరా వేసుకోనీ, దీన్ని మాత్రం వదలను అని మెల్చోర్‌తో చెప్పింది. ఆయన వస్తే ఏమనాలో పొయ్యి ముందు కర్ర తిప్పుతూ నాలుగైదుసార్లు వల్లెవేసింది కూడా. ఒక్కోసారి ఒక్కో తిట్టు చేరుతూ వచ్చింది.

పిల్లలు నడక నేర్చాక ఒక సోమవారం ఆయన వచ్చాడు. ఇంటిముందు తెల్లజెండా ఉంది, బల్లలనిండా చిచా తాగేవాళ్ళున్నారు. పెత్రోనా ఈసారి ఏమీ దాచలేదు. నాలుగు పిల్లల్నీ వాకిట్లో పాత దుప్పటిమీద ఎండకి వదిలి, పక్కన నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది. తాగేవాళ్ళు సొరబుర్రలు కింద పెట్టి చూస్తున్నారు.

లియోన్సియో టోపీ తీశాడు. డాక్టరమ్మ తన ఇంటికి వచ్చి సంగతంతా చెప్పిందన్నాడు. పెత్రోనా వల్లెవేసినదంతా మొదలుపెట్టేలోపే ఆయన మోకాళ్ళు వంచి దుప్పటి పక్కన కూర్చున్నాడు. మూడు బోడిపిల్లల వైపు చూడనైనా చూడలేదు. చెయ్యి చాచి బొచ్చుపిల్ల వీపు మీద పెట్టాడు.

పెత్రోనా ఒక అడుగు ముందుకేసింది.

"అది బొచ్చుది, దొన్ లియోన్సియో గారూ," అంది. "మీరు చూడలేదేమో. ఆ చివర ఉన్నది చూడండి, చెవులు ఎంత బాగున్నాయో."

"మొదటి ఎంపిక నాదే కదమ్మా."

"మీదే. కానీ దాన్ని ఏం చేస్తారు? కళ్ళు తెరిచేసింది."

ఆయన ఆ మాటకి తలెత్తి చూశాడు. ఆమె ఏం భయపడుతోందో అర్థమైనట్టుంది.

"సిపాన్ తల్లిని నువ్వు చూళ్ళేదు," అన్నాడు. "పిజార్రా అని పిలిచేవాళ్ళం, పలకలా ఉండేదని. రెండు ఈతల్లోనూ బొచ్చువి పుట్టాయి. మొదటిసారికి గోడ లేపా. రెండోసారికి ఇనప గేటు పెట్టించా, తాళంచెవి నా దగ్గరే ఉండేది. అయినా పుట్టాయి. తాళం వేసినా పోతోంది, ఇంక ఇది బాగుపడదనుకున్నా. బండెక్కించి ఓల్మోస్ ఊరు దాటించి ఎడారి రోడ్డుమీద దించేశా." ఆయన వేళ్ళు బొచ్చులో కదులుతున్నాయి. "దిగనంది. మోసుకుని దించా. అది ఏ తప్పూ చెయ్యలేదమ్మా."

పెత్రోనా నడుంమీద చేతులు ఎప్పుడు దించిందో ఆమెకే తెలియదు. ఈయన్ని తిట్టాలని దాచుకున్న మాటల్లో ఒక్కటీ ఆయన తనని తను అనుకుంటున్న దానికంటే పెద్దది కాదు. ఇవ్వనని చెప్పే హక్కు ఎలాగూ లేదు, ఇప్పుడు ఆ మనసు కూడా లేకపోయింది. లోపలికి వెళ్ళి, పిల్ల పడుకునే గుడ్డ తెచ్చింది. పాలలో నానబెట్టిన రొట్టె అలవాటు చేస్తున్నానని, చలి అని ఎక్కువ కప్పొద్దని, దీనికి దాని దుప్పటి ఉందని చెప్పింది. ఒంటరిగా నిద్రపోదు, సిపాన్ పక్కన పడుకోబెట్టమంది. చెబుతున్నంతసేపూ పిల్లని తన దగ్గరే ఉంచుకుంది. చెప్పడానికి ఇంకేమీ మిగలకపోయేసరికి మోరా ముందు వంగింది. మోరా దాని ముఖం, చెవులు, పొట్ట అంతా ఒకసారి శుభ్రంగా నాకింది. అప్పుడు ఆయన చేతికిచ్చింది.

లియోన్సియో దాన్ని చొక్కా లోపల పెట్టుకుని, తల మాత్రం బయటికి కనపడేలా గుండీ పెట్టుకున్నాడు. బల్లలమధ్యనుంచి ఆటో వైపు నడుస్తుంటే తాగేవాళ్ళలో ఒకడు ఉండబట్టలేక, ఏం దొన్, ఎక్కడిదీ వీధికుక్క అని అడిగాడు. మిగతావాళ్ళు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. పెత్రోనా గుమ్మంలోనే ఆగిపోయింది. మెల్చోర్ సొరబుర్ర కింద పెట్టాడు.

లియోన్సియో నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"మా సిపాన్ కొడుకు. తల్లి ఈ ఇంటి మోరా. నానమ్మ పిజార్రా."

టోపీ పెట్టుకోవడం మర్చిపోయి అలాగే ఆటో ఎక్కాడు.